మైక్ ఆన్ చేయగానే మా మాటలు చప్పబడిపోతున్నాయి. ఏం చేయాలి?

అనంత ఎడిటర్

అందరికీ నమస్తే. మాది అనంతపురం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగినప్పుడే నాకు కాస్త తీరిక. ఆ తీరికలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. సినిమా ఎట్లా తీస్తారు, కథ ఎక్కడ పుడుతుంది, ఒక సీన్ మనల్ని ఎందుకు వదలదు, ఇవే మా మాటలు. ఒకడు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. ఇంకొకడు హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరిగి, ఇంట్లో పరిస్థితి బాగాలేక వెనక్కి వచ్చేసినాడు. ఇప్పుడు వాళ్ల నాయన ఎరువుల అంగడి చూసుకుంటున్నాడు. మేమంతా వాణ్ణి డైరెక్టరు అనే పిలుస్తాం. పాడ్‌కాస్ట్ పేరు చెప్పను, ప్రచారానికి వచ్చిందనుకుంటారు.

కష్టం ఏమంటే, సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ మాట్లాడుకుంటే మా మాటలు మాకే ముద్దొస్తాయి. అరుచుకుంటాం, ఒకరి మాట ఒకరం పడనివ్వం. పక్కన టీ తాగే ఆయన కూడా ఉండబట్టలేక "కాదప్పా, ఆ సీన్ అట్లా కాదు" అని మధ్యలో దూరతాడు. అదే మా మిద్దె మీది గదిలో మైక్ ముందు కూర్చుంటే అంతా తలకిందులు. లెక్చరరు ఉపోద్ఘాతం మొదలుపెడతాడు. డైరెక్టరు ఉన్నట్టుండి టీవీ యాంకర్ అయిపోయి, చిన్నప్పటి నుంచి "ఏమ్మే" అని పిలిచే నన్ను "మీరు ఏమంటారండీ దీని మీద?" అని అడుగుతాడు. నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వే ఎపిసోడ్‌లో మిగిలేది.

రికార్డింగ్ రెండు గంటలు దాటుతుంది. నసుగుళ్లు, ఖాళీలు తీసేస్తే గంటన్నర మిగులుతుంది, అయినా ప్రాణం ఉండదు. వినేవాళ్ల గ్రాఫ్ మొదట్లోనే జారిపోతోంది. డైరెక్టరేమో కెమెరాలు పెట్టి వీడియో చేద్దాం, హైదరాబాద్ నుంచి గెస్టులను పిలుద్దాం అంటాడు. లెక్చరరేమో మొత్తం స్క్రిప్ట్ రాసుకుందాం అంటాడు. నాకు రెండూ రుచించడం లేదు.

మా దగ్గరున్నది ఒకే ఒక యూఎస్‌బీ మైక్, బల్ల మధ్యలో పెడతాం. గది ఖాళీ గది. ఫ్యాన్ ఆపితే ఏప్రిల్లో ఉడికిపోతాం, ఆపకపోతే హోరు.

ఇంకో అనుమానం కూడా. మేం మాట్లాడే మాటే మాట్లాడితే గుంటూరు, వరంగల్ వాళ్లు వింటారా? సినిమాల్లో మన యాస వినపడిందంటే వెనకాలే సుమోలు రావాలి, తొడలు కొట్టాలి. మామూలు మనుషులు సినిమా గురించి మాట్లాడుకునే యాసగా ఎవరికీ అలవాటు లేదు.

కర్నూలు బూమ్ మైక్

షార్ట్ ఫిల్ములకు సౌండ్ చేస్తాను. మీ జబ్బు సగం ఆ బల్ల మధ్యలోనే ఉంది.

మైక్ దూరంగా ఉంటే మనిషి గొంతు తనంతట తనే లేస్తుంది. గొంతు లేస్తే మాట ఉపన్యాసం అవుతుంది. జానెడు దూరంలో మైక్ ఉంటే మెల్లగా గొణిగినా పడుతుంది, అప్పుడు ఎవరూ "మీరేమంటారండీ" అనరు. లెక్క కూడా అట్లాగే ఉంది. నోటికీ మైక్‌కీ దూరం రెండింతలైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గోడలకు కొట్టుకుని వచ్చే మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. మీరు మీ గొంతులకంటే మీ గదిని ఎక్కువ రికార్డ్ చేస్తున్నారు.

ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ముగ్గురి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా. తలా ఒక వైరు కాలర్ మైక్ కొనండి, గడ్డానికి జానెడు కింద తగిలించండి, ఎవరి ఫోన్లో వాళ్లు రికార్డ్ చేయండి. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదట్లో అందరూ మౌనంగా ఉండి ఒక్క చప్పట్ల చప్పుడు చేయండి. ఎడిటర్‌వి కాబట్టి మిగతాది నీకు చెప్పనక్కర్లేదు, మూడు ట్రాకులూ ఆ చప్పుడు దగ్గర కలుపుతావు. రెండు గంటల ఫైలైతే చివరికొచ్చేసరికి ట్రాకులు కొంచెం అటూ ఇటూ జరగొచ్చు, కాబట్టి చివర్లో ఇంకోసారి కొట్టండి. విడివిడి ట్రాకులుంటే లెక్చరరు దగ్గు డైరెక్టరు డైలాగును పాడుచేయదు.

గదికి బొంతలు చాలు. గోడకు రెండు, బల్ల మీద ఒకటి. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడు, గంట మోగినట్టు వెనక్కి వస్తే ఇంకో బొంత పడాలి. మేం డబ్బింగ్ చెప్పేటప్పుడు బట్టల బీరువా తలుపులు తీసి దాని ముందు నిలబడేవాళ్లం.

ఫ్యాన్ సంగతి: రాత్రి భోజనాలయ్యాక కూర్చోండి, మధ్యమధ్యలో ఆగి ఫ్యాన్ వేసుకోండి. ప్రతిసారీ ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లు ఖాళీ గదిని రికార్డ్ చేసి పెట్టుకో. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను నమూనాగా చూపిస్తే మిగతా హోరును తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, చూసుకో. చివర్లో లౌడ్‌నెస్ స్టీరియోకి మైనస్ 16, మోనోకి మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే గట్టిదనం కొలత) దగ్గర పెడితే బస్సులో కూర్చున్నవాడికి కూడా వినపడుతుంది.

వీడియో ఇప్పుడు వద్దు. లైటు ముఖం మీద పడితే డైరెక్టరు ఇంకా యాంకర్ అవుతాడు.

కడప పాత రేడియో

అమ్మా, నేను కడప ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా, నాటకాల్లో గొంతుగా చాలా ఏళ్లు పనిచేశాను. 1963లో మొదలైన కేంద్రం అది. మీ పాడ్‌కాస్ట్ నాకు కొత్త, మీ కష్టం మాత్రం పాతదే. స్టూడియో బయట వేపచెట్టు కింద అద్భుతంగా మాట్లాడిన మనిషి, లోపల ఎర్రలైటు వెలగగానే వినతిపత్రం చదివినట్టు మాట్లాడేవాడు.

కర్నూలు ఆయన చెప్పిన మైక్ మాట నిజం. దాని తర్వాతిది నేను చెప్తాను. టీ దగ్గర మీరు ముగ్గురూ ఎదుటివాణ్ణి ఒప్పించడానికి మాట్లాడుతున్నారు. మిద్దె మీద కూర్చున్నాక ఎవరినీ ఒప్పించే పని లేదు. "కథ చెప్పడం ఎలా" అని పెట్టుకుంటే అందరూ తలూపే మాటలే వస్తాయి. అందుకని విషయం పెట్టుకోవద్దు, తగాదా పెట్టుకోండి.

ఒకటి నేనే ఇస్తాను. కె.వి.రెడ్డి గారిది మీ తాడిపత్రే. 1957లో ఆయన తీసిన మాయాబజార్ భారతంలోని మనుషుల కథ. కౌరవులుంటారు, కృష్ణుడు, బలరాముడు, సుభద్ర, అభిమన్యుడు, ఘటోత్కచుడు ఉంటారు. పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. మూడు గంటల పైచిలుకు సినిమా! ఎందుకు రారు? వస్తే ఏం చెడిపోయేది? దీని మీద ముగ్గురూ ఎవరి అభిప్రాయం వాళ్లు చీటీ మీద రాసి మడిచి పెట్టుకోండి. ఒకరిది ఒకరికి చెప్పొద్దు. రికార్డింగ్ మొదలయ్యాకే విప్పండి. ముఖ్యంగా ఆ రోజు టీకి పోయినా ఆ సంగతి ఎత్తొద్దు. ఒకసారి వేడిగా అనేసిన మాట రెండోసారి అంటే చద్దిదే వస్తుంది.

రాసుకోవడం గురించి. లెక్చరరు గారిని మొదటి రెండు వాక్యాలు, చివర అడగబోయే ఒక్క ప్రశ్న రాసుకోమను, అంతే. కాగితం చూసి చదివే గొంతును ఎంత అమాయకుడైన శ్రోత అయినా పట్టేస్తాడు. మేం ప్రసంగం రాసేటప్పుడు కూడా ముందు నోటితో అని, తర్వాత రాసేవాళ్లం. ఒక వాక్యంలో ఊపిరి రెండుసార్లు పీల్చాల్సి వస్తే ఆ వాక్యాన్ని విరిచేవాళ్లం.

నిడివి గురించి. కె.వి.రెడ్డి గారు షూటింగ్‌కి ముందే రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో సీన్ ఎంతసేపు నడుస్తుందో లెక్క కట్టేవారు. ఫిల్ము ఖరీదైన రోజులు, తీశాక కత్తిరించడం కంటే తీయకముందే తెలుసుకోవడం మేలని. మాకు రేడియోలో వార్తల వేళ మా కోసం ఆగదు, పదిహేను నిమిషాలంటే పదిహేనే. మీకు ఆ గడియారం లేకపోవడమే మీ కష్టం. ఎవరూ ఆపరు కాబట్టి మాట సాగుతుంది. తగాదాకి నలభై నిమిషాలు అనుకుని కూర్చోండి. ముప్పై దగ్గరే తేలిపోతే ముప్పై దగ్గరే లేవండి.

ఇక ఎవరు ఏం చేయాలన్నది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూశారా ఎప్పుడైనా? ఇప్పుడు ఆ ఊరు సత్యసాయి జిల్లాలోకి పోయింది. రామాయణం గంభీరంగా నడుస్తుంటుంది, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరతారు. బూతో బుద్ధో ఒకటి అని, నిద్రపోయేవాళ్లను లేపి పోతారు. తెర వెనక ఒకరు కాళ్ల కింద చెక్కలు తొక్కుతూ యుద్ధం చప్పుడు చేస్తుంటారు. తెల్లవార్లూ ఆట నిలబడటానికి ఆ పని పంపకం ఒక కారణం. మీ ముగ్గురూ ఇప్పుడు రాముడి పాత్రే వేస్తున్నారు. లెక్చరరు కథ నడపనీ, డైరెక్టరు సెట్ల మీద చూసింది చెప్పనీ. అడ్డుపడే పని నీది. "అది నాకర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అని అడిగే హక్కు ఒకరికి ఉండాలి.

యాస గురించి దిగులొద్దు. పంటల కార్యక్రమానికి వచ్చిన రైతును మాట మార్చుకోమని మేం ఎన్నడూ అడగలేదు, ఆ కార్యక్రమాలకే ఉత్తరాలు ఎక్కువ వచ్చేవి. మీరు మీలో మీరు ఎట్లా మాట్లాడుకుంటారో అట్లా చాలు. ఒక్కటే చూసుకోండి: సీమవాళ్లమని తెలియాలని పనిగట్టుకుని సామెతలు కుక్కితే అది కూడా యాంకరింగే.

ప్రొద్దుటూరు మగ్గం

నేను బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తాను చెల్లీ. కళ్లూ చేతులూ పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. రోజంతా ఏదో ఒకటి వింటూనే ఉంటాను. అందుకని వినేదాని తరఫున చెప్తున్నా.

పెద్దాయన నలభై నిమిషాలన్నారు, నేను ఒప్పుకోను. మాకు గంటన్నర అయినా చాలదు. నిడివి కాదు నన్ను విసిగించేది. మొదటి పది నిమిషాలు "ఎలా ఉన్నారు, బాగున్నారా, వాతావరణం ఎట్లుంది" అంటారు చూడు, అక్కడ పోతాను నేను. చేతిలో సూది ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోలేను కాబట్టి వినాల్సి వస్తుంది, లేకపోతే మార్చేద్దును.

రెండోది, "ఆ సీన్ ఉంది కదా, వాడు ఆమెను చూస్తాడు కదా, అబ్బా, ఆ సీన్!" ఏ సీన్? నేను చూడలేదు. చూసుంటే మర్చిపోయినా. గది ఎట్లుంది, ఎవరు ఎక్కడ నిలబడినారు, ఎవరు ముందు మాట్లాడినారు, ఇది చెప్పకుండా "టేకింగ్ సూపర్" అంటే నాకేం దక్కింది? కథ చెప్పడం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ ఒక్క సీన్ కథ చెప్పండి.

మూడోది, ఇద్దరు మగగొంతులు ఒకేలా ఉంటే ఎవరు ఏమన్నారో తెలియదు. పేరు పెట్టి పిలుచుకోండి.

నాలుగోది నీకు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడపిల్ల ఉన్న షోల్లో ఆ పిల్ల నవ్వడానికీ "అవునా!" అనడానికే ఉంటుంది. నీ నవ్వే మిగులుతోందని నువ్వే రాసినావు. రోజుకు ఎన్ని గంటల పెళ్లి ఫుటేజీ చూస్తావో, అప్పగింతలప్పుడు కెమెరా ఎవరి మీద ఉండాలో నీకు తెలిసినంత ఆ ఇద్దరికీ తెలియదు. అది చెప్పు. పెళ్లికూతురు ఏడుస్తుంటే నువ్వు ఎక్కడ కట్ చేస్తావు? నాకు అది వినాలనుంది.

అనంత ఎడిటర్

అక్కా, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకు. నేను కూతురి మీద కట్ చేయను, వాళ్ల నాయన మీదికి పోతాను. ఆయన సాధారణంగా పక్కకు తిరిగి ఎవరికో భోజనాల సంగతి పురమాయిస్తూ ఉంటాడు, ఆ షాట్ పెడితే ఇంట్లోవాళ్లంతా ఏడుస్తారు. దీని మీద ఒక ఎపిసోడ్ చేస్తాను.

పెద్దాయనా, చీటీల పద్ధతి నిన్న రాత్రి చేశాం. బొంతలు కట్టి, కాలర్ మైకులు అరువు తెచ్చి. లెక్చరరు చీటీలో: అడవిలో కష్టపడేవాళ్లను చూపిస్తే ప్రేక్షకుడు జాలిలో పడతాడు, పెళ్లి సరదా చస్తుంది. డైరెక్టరు చీటీలో: ఐదుగురు వీరులకు ఐదు ఎంట్రీలు, ఐదుగురికీ తలా ఒక డైలాగు ఇవ్వాలి, స్క్రీన్‌ప్లే అక్కడే మునిగిపోతుంది. నాది: వాళ్లు లేరని నాకు పెద్దాయన చెప్పేదాకా తెలియనే తెలియదు, లేకపోయినా తెలియని పాత్రను టైమ్‌లైన్‌లో ఎందుకు ఉంచాలి?

దాంతో లెక్చరరు లేచి నిలబడినాడు. కాలర్ మైక్ వైరు తెగినంత పనైంది. "లేకపోవడం వేరు, లేరని తెలియకపోవడం వేరు, మాట్లాడుకున్నంతసేపూ వాళ్ల పేర్లు వినపడుతూనే ఉంటాయి కదమ్మే" అని అరిచినాడు. డైరెక్టరు ఇంకా రెండుసార్లు "మీరు" అన్నాడు కానీ తర్వాత మర్చిపోయినాడు. ఫైలు యాభై నిమిషాలు వచ్చింది, నేను కట్ చేసింది చాలా తక్కువ.

ఇప్పుడు ఇంకో అనుమానం. ఆ సినిమాలోంచి చిన్న ముక్క, ఒక డైలాగో పాట పల్లవో, మధ్యలో వినిపించొచ్చా?

కర్నూలు బూమ్ మైక్

చట్టం ఒకటి, మెషిన్ ఒకటి. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద విమర్శ, సమీక్ష కోసం కొంత వాడుకోవచ్చు. సినిమాకి విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాట రాసినవాళ్ల సాహిత్యానికి మాత్రం వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు. అందుకని పాత సినిమా కదా అని పాటను ఎత్తి పెట్టుకోవద్దు. ఇక యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని మెషిన్ ఉంటుంది, దానికి సమీక్ష తెలియదు, శబ్దం కలిసిందా లేదా అనేదే తెలుసు. క్లెయిమ్ వేస్తుంది, తర్వాత నువ్వు వివరణ రాసుకోవాలి.

ప్రొద్దుటూరు అక్క అడిగినట్టు సీన్‌ను నోటితో చెప్పు. ముక్క అవసరమే ఉండదు.

కడప పాత రేడియో

లెక్చరరు గారు అన్న మాట బాగుంది. ఆ మాట దగ్గర ఎపిసోడ్ ఆపితే వచ్చేవారం దాన్నే మళ్లీ అందుకోవచ్చు.

ఇంకొక్కటి. "అయిపోయింది" అనుకున్నాక ఐదు నిమిషాలు రికార్డింగ్ నడవనివ్వండి. మా స్టూడియోలో ఎర్రలైటు ఆరాక మాట్లాడిన మాటలకు ఏడ్చేవాళ్లం, టేపు ఆపేశామే అని. కానీ ముగ్గురికీ తెలిసే చేయండి, ఏది ఉంచాలో ఎవరిది వాళ్లే చెప్పాలి.

ప్రొద్దుటూరు మగ్గం

ఇంతకీ వీడియో సంగతి ఏమైంది చెల్లీ? మానేసినారా?

అనంత ఎడిటర్

లేదక్కా. డైరెక్టరు ఇంకా ఒప్పుకోలేదు. రాజు రోడ్డులో లైట్లు అద్దెకు ఎంతో కనుక్కోమని పొద్దున నన్నే పంపినాడు.